రెండు కాగితాలు ఒక్కసారి

కాశీబుగ్గ దాటాక, రైలు గేటు పక్కన రేకుల షెడ్డు.
జీడిపప్పు వలిచే ఆడవాళ్ళు పధ్నాలుగు మంది.
పదిహేనో పీట నాది.
నా చేతిలో పప్పు ఉండదు, పుస్తకం ఉంటుంది.
నా వంతు పొట్టు తలా గుప్పెడు వాళ్ళే తీస్తారు.
సాయంత్రం తూకంలో నా పేరున కూడా ఆరు కిలోలు.

అట్ట పోయిన నవల అది.
రాసినాయన పేరు చెదలు తినేసింది.
ఏడో పేజీలో, సగం వాక్యంతో మొదలవుతుంది:
"అని తలుపు వేసుకుంది."
ఎందుకని ఎవరూ అడగలేదు.
తలుపు వేసుకోడానికి మా వైపు కారణాలకు కరువా?

తలుపు వెనక వసంత ఒక్కతే ఏడుస్తోందని చదివాను.
దాలమ్మ చెయ్యి ఆగింది.
"ఒలే గుంటా, గదిలో ఎవులూ నేరు కదా,
ఆ యమ్మ ఏడిసినట్టు ఈడికెవులు సెప్పినారు?"
నాకు తెలీలేదు. కిటికీలోంచి చూసుంటాడన్నాను.
"సూసినోడు తలుపు కొట్టొద్దా?"
ఆ రోజంతా రాసినాయన మీద కోపంగానే వలిచారు.

ఇంకో రోజు
"పదేళ్ళు గడిచాయి" అని వచ్చింది.
జీడి అంటిన వేళ్ళు బూడిదలో అద్దుకుంటూ ఎర్రమ్మ నవ్వింది.
"పదేళ్ళకి రెండు మాటలేటి?
అన్నాళ్ళూ ఇంట్లోకి బియ్యం ఎవులు తెచ్చినారు?"
ఆ వెంటనే అతను గుమ్మంలో నిలబడి
వసంత వైపు చూశాడు. మూడు పేజీలు చూశాడు.
బొగ్గు గూడ్సు యాభై ఎనిమిది పెట్టెలూ వెళ్ళిపోయింది,
అతని చూపు ఇంకా అవ్వలేదు.
"మనం పరిగెట్టిన కాడ ఈడు కూకుంటాడు,
మనం కూకున్న కాడ పరిగెడతాడు" అంది దాలమ్మ.
తర్వాత టౌను కాలేజీలో మూడేళ్ళు చదివాను.
ఆ మాటే నోట్సులో పధ్నాలుగు పేజీలుంది.

వానలు వెనకబట్టాక, పున్నమ్మ కూతురు
విశాఖ పెద్దాసుపత్రికి జీపులో కూర్చుని వెళ్ళింది.
పడుకుని వచ్చింది.
పదకొండో రోజు దాటాక పున్నమ్మ తన పీట మీదకొచ్చి
"ఎందాకా అయింది?" అంది.
రాత్రే నేను ముందుకు చదివేసుకున్నాను.
రెండు వందల పదమూడో పేజీలో వసంత చనిపోతుంది.

రెండు కాగితాలు ఒక్కసారి తిప్పాను.
జ్వరం తగ్గింది అన్నాను. గంజి తాగింది అన్నాను.

అక్కణ్ణుంచి మొదలైంది నా కష్టం.
బతికున్న మనిషికి రోజూ ఏదో ఒక పని చెప్పాలి.
తల్లి ఒక్కతే బావి దగ్గర నిలబడిన చోట
పక్కన వసంతని నిలబెట్టి బిందె ఇచ్చాను.
ఆమె గదికి తాళం వేసిన చోట ఊరెళ్ళిందన్నాను.
వెళ్ళిన మనిషి ఉత్తరం రాయొద్దా? రాయించాను.
నేను చూడని ఊళ్ళో కురిసిన వాన గురించి.
ఎవరో "పాపం వసంత" అంటే
"పాపం" మింగేసి పేరు మటుకు చదివాను.
ఒక్క అబద్ధం ఎనభై పేజీల కూలి అడిగింది.
చివరికొచ్చేసరికి ఏది అచ్చో ఏది నాదో
నాకే తేలలేదు.

ఆఖరి రోజు తూకం అయ్యాక
పున్నమ్మ నా పక్కన చేరింది.
"ఆ గుంట సచ్చిపోనాది కదే.
రెండు కాగితాలు ఒక్కపాలి తిప్పినావు. సప్పుడు తేడా వొచ్చింది.
పొట్టు కింద బద్ద ఇరిగితే మాకు తెలీదేటి?"
మరెందుకు అడగలేదన్నాను.
"నువ్వేటి సేస్తావో సూద్దారనీసి."
కాసేపు బూడిద చేతులు దులుపుకుంది.
"ముందు ఆ రెండు కాగితాలు సదువు.
తరవాత ఉత్తరం మల్లీ సదువు."

గేటు పడింది. రైలు వెళ్ళేదాకా ఆగాం.
చావు పేజీన్నర ఉంది. చదివాను.
ఉత్తరం కోసం తీస్తే అక్కడ తాళం వేసిన గదే ఉంది.
వాన దగ్గర మొదలుపెట్టాను.
ఈసారి ఊరి పేరు మారిపోయింది.
పున్నమ్మ సరిదిద్దింది.